కంట్రోలర్ ఎందుకు అలిగింది?

పొయ్యి మీద ఏమైనా ఉంటే ముందు మంట తగ్గించండి. తర్వాత ఒక్కసారి హాల్లోకి వెళ్లి మీ టీవీ వెనకాల ఏముందో, కింద షోకేసులో ఏమేం సర్దారో చూసి రండి. అందాకా నేనిక్కడే ఉంటాను.

చూశారా? కేబుల్ పెట్టె, ఇంటర్నెట్ పెట్టె, వాటి చుట్టూ పాముల్లా వైర్లు, ఓ స్పీకరు, ఎవరి పెళ్లిలోనో ఇచ్చిన స్టీలు ఫ్లవర్‌వాజు. సరదా ఉన్నవాళ్ల ఇళ్లలో చేపల తొట్టి. ఇక చదువుకునే పిల్లలున్న ఇల్లయితే ఈమధ్య వీటన్నిటికీ తోడు ఆట పెట్టె ఒకటి. అదేనండీ, గేమ్ కన్సోల్. వైరు లేని కంట్రోలర్ చేత్తో పట్టుకుని సోఫాలో కూర్చుని ఆడతారే, అది.

"ఈ డబ్బాల గొడవ మనకెందుకు, పిల్లలూ వాళ్ల నాన్నా చూసుకుంటారులే" అంటారేమో. అనకండి. ఇంట్లో ఏ వస్తువు ఎక్కడుండాలో చూసేది మనం. ఈ ఆట పెట్టె సరిగ్గా పనిచెయ్యడం, చెయ్యకపోవడం సగానికి సగం అది ఎక్కడుందన్న దాని మీదే ఉంటుంది. ఆ సంగతి తెలియకపోవడం వల్ల మా ఇంట్లో ఒక పదేళ్ల పిల్ల చెంపదెబ్బ తిన్నది. అందుకే ఇంత ఇదిగా రాస్తున్నాను.

2021 మార్చి సంగతి. మా అబ్బాయి అప్పుడు తొమ్మిదో తరగతి. అంతకు ముందు సంవత్సరమంతా వాడు ఎలా గడిపాడో మీకు చెప్పక్కర్లేదు, మీ పిల్లలూ అలాగే గడిపారు కదా. హైదరాబాదులో ఉద్యోగం చేసే మా తమ్ముడు వాడి మీద జాలిపడి, అప్పుడే మన దేశంలో అమ్మకానికొచ్చిన ఓ ఆట పెట్టె కొని పంపాడు. కంపెనీ పేరు చెప్పను. వాళ్ల తప్పేమీ లేదని తర్వాత తేలింది కూడానూ. పెట్టె దాదాపు యాభై వేలు. దానితో వచ్చే కంట్రోలర్ ఒకటే కాబట్టి ఇంకొకటి విడిగా కొన్నాడు, అదో ఆరు వేలు. ఆ రేట్లు విని మా అత్తగారు "ఆ డబ్బుతో రెండు పాడి గేదెలు రావూ?" అన్నారు. కాకినాడలో మూడో అంతస్తు ఫ్లాట్‌లో గేదెల్ని ఎక్కడ కట్టేస్తామో ఆవిడే చెప్పాలి.

గురువారం పెట్టె వచ్చింది. టీవీ ముందున్న టీపాయ్ మీద పెట్టుకుని గురు, శుక్ర, శని వారాలు హాయిగా ఆడుకున్నాడు. ఆదివారం మా ఇంట్లో పనిచేసే ఆవిడ తన కూతుర్ని వెంటబెట్టుకొచ్చింది. అయిదో తరగతి చదువుతోంది పిల్ల. మాటకారి. ఆవిడ గిన్నెలు తోమి, నాతోపాటు మినపప్పు రుబ్బే పనిలో ఉంటే, మావాడే ఆ పిల్లని పిలిచి రెండో కంట్రోలర్ చేతిలో పెట్టాడు. ఇద్దరూ గంటసేపు కార్ల పందెం ఆడుకున్నారు. ఆ పిల్ల గెలిచింది కూడా.

సాయంత్రం మా ఆడపడుచు వాళ్లు వస్తున్నారని కబురు. నేను వంటింట్లో బజ్జీలు వేస్తున్నాను. హాలు సర్దే పని మావారు చూసుకున్నారు, అత్తగారి పర్యవేక్షణలో. అంతా అయిపోయింది. బంధువులొచ్చారు, తిన్నారు, వెళ్లారు.

సోమవారం సాయంత్రం మావాడు ఆట మొదలుపెట్టాడు. కారు వెళ్తూ వెళ్తూ వీడు బ్రేకు నొక్కినా ఆగకుండా గోడకు గుద్దుకుంది. మళ్లీ మొదలెట్టాడు. ఈసారి కంట్రోలర్ మీద దీపం టపటపా కొట్టుకుని, కనెక్షన్ పోయిందని టీవీ మీద అక్షరాలు పడ్డాయి. బటన్ నొక్కితే కలుస్తుంది, రెండు నిమిషాలు బాగానే ఉంటుంది, మళ్లీ పోతుంది.

"నిన్న ఆ పిల్ల కిందపడేసి ఉంటుంది" అన్నారు అత్తగారు. చూసినవాళ్లెవరూ లేరు. అయినా ఇంట్లో ఏదైనా పాడైతే, నిన్న వచ్చిన బయటివాళ్లెవరా అని వెతకడం మనకి అలవాటు. మావారు కూడా "పిల్లలకి ఖరీదైనవి చేతికివ్వకూడదోయ్" అని మావాణ్ణి కేకలేశారు. అంటే ఆయనా ఆ పిల్లే అనుకున్నారన్నమాట. మావాడు మాత్రం "పడెయ్యలేదు నాన్నమ్మా, నేను పక్కనే ఉన్నా" అంటూనే ఉన్నాడు.

మంగళవారం పొద్దున పనికొచ్చినావిడతో అత్తగారు ఈ మాట అనేశారు. నేను స్నానం చేసి వచ్చేసరికి ఆవిడ గుమ్మం దగ్గర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. "అమ్మగారూ, నెలకి అయిదొందలు పట్టుకోండి. తీరిపోయేదాకా పట్టుకోండి" అంది. జీతం రెండున్నర వేలు. ఆరు వేల వస్తువుకి నెలకి అయిదొందలంటే పన్నెండు నెలలు. ఆవిడ ఆ లెక్క రాత్రే వేసుకుని వచ్చినట్టుంది. మాట ఆవిడ చెవిన ముందురోజే, కింద వాచ్‌మన్ భార్య ద్వారా పడిందట. ఫ్లాట్లలో గోడలు పలచన కదా. రాత్రే పిల్లని రెండు వేసిందట కూడా.

"ఏం తేలకుండానే డబ్బు గొడవెందుకమ్మా, ఆగు" అన్నాను. వినలేదు. ఒకటో తారీకున జీతం చేతికివ్వగానే అందులోంచి ఒక అయిదొందల కాగితం తీసి భోజనాల బల్ల మీద పెట్టేసి వెళ్లిపోయింది. దాన్ని నేను పర్సులో పెట్టుకోలేదు. పోపుల డబ్బాలో ఆవాల గిన్నె కింద పెట్టాను. సంగతేమిటో తేలేదాకా అది అక్కడే ఉంటుందని అందరూ వినేటట్టే చెప్పాను.

మావారు సర్వీసు సెంటరుకి పంపిద్దామన్నారు. నాకు మాత్రం ఒక్కటి అర్థం కాలేదు. ఆ పిల్ల పట్టుకున్నది రెండో కంట్రోలర్. మావాడి చేతిలో ఉన్నది మొదటిది. ఇప్పుడు రెండూ అలాగే చేస్తున్నాయి. మిక్సీ జారు ఒకటి కిందపడి సొట్టపోతే రెండో జారు కూడా ఎందుకు కారుతుందండీ?

మనకి పాల లెక్క, గ్యాసు లెక్క కాలెండరు మీద రాసుకునే అలవాటుంది కదా. అదే కాలెండరు మీద పెన్సిలుతో, ఆట తెగిపోయిన ప్రతిసారీ టైము వేశాను. మూడు రోజులకి చూస్తే వింతగా ఉంది. సాయంత్రం 5.30 ప్రాంతంలో తెగుతోంది. మళ్లీ రాత్రి 8.15 ప్రాంతంలో పదే పదే తెగుతోంది. మధ్యలో అక్కడొకటి అక్కడొకటి. అయిదున్నరకి మా ఇంట్లో ఏం జరుగుతుంది? అత్తగారికి పాలు వేడి చేస్తాను. ఎనిమిదింపావుకి? పప్పూ, కూరా వేడి చేస్తాను. రెండూ మైక్రోవేవ్ ఓవెన్‌లోనే. ఓవెన్ ఉన్నది వంటింటి గోడకి ఇవతల, హాల్లోకి తెరుచుకునే అరుగు మీద.

ఆ రాత్రే తమ్ముడికి ఫోన్ చేశాను. నేను చెప్పింది విని, వాడు అడిగిన మొదటి మాట ఏమిటనుకున్నారు? "అక్కా, పెట్టె ఎక్కడ పెట్టారు?"

వెళ్లి చూశాను. టీపాయ్ మీద ఉండాల్సింది షోకేసు లోపలికి వెళ్లిపోయి ఉంది. టీవీకి సరిగ్గా వెనకాల, ఒక పక్క ఇంటర్నెట్ పెట్టె, ఇంకో పక్క మావారి చేపల తొట్టి, నడుమ ఇది, దాని నెత్తి మీద వైర్ల ఉండ. ఆదివారం సాయంత్రం టీపాయ్ మీద కాఫీ ట్రే పెట్టడానికి చోటు కావాలని అక్కడ తోశారు. ఆదివారం ఆ పిల్ల వచ్చిందని అందరికీ గుర్తుంది, అదే ఆదివారం పెట్టె చోటు మారిందని ఒక్కరికీ గుర్తు లేదు.

ఇక్కడ కాస్త ఫిజిక్సు చెప్పాలి, కంగారు పడకండి. నేను ఇంటర్‌తో ఆపేసినదాన్నే, నాకు అర్థమైనంతే చెబుతాను.

టీవీ రిమోట్ వేరు, ఈ కంట్రోలర్ వేరు. టీవీ రిమోట్ ముందుభాగం నుంచి మన కంటికి కనిపించని ఒక రకం వెలుతురు వస్తుంది. అందుకే దాన్ని టీవీ వైపు తిప్పి నొక్కాలి. ఈ ఆట కంట్రోలర్లు ఎక్కువభాగం బ్లూటూత్ అనే రేడియో తరంగంతో మాట్లాడతాయి. ఎటు తిప్పి పట్టుకున్నా ఫరవాలేదు. వెయ్యేళ్ల కిందట డెన్మార్కుని ఏలిన హెరాల్డ్ అనే రాజుకి 'నీలిపన్ను' అని మారుపేరుంటే, అదే దీనికి పెట్టారు. ఎందుకు పెట్టారంటారా, ఆయన వేరువేరు తెగల్ని కలిపాడట, ఇది వేరువేరు యంత్రాల్ని కలుపుతుందని.

ఈ తరంగం సెకనుకి 240 కోట్లసార్లు ఊగుతుంది. దాన్నే 2.4 గిగాహెర్ట్జ్ అంటారు. చిక్కంతా ఇక్కడే ఉంది. ఆ పట్టీలో రేడియో నడుపుకోవడానికి చిన్న చిన్న పరికరాలకి లైసెన్సు అక్కర్లేదు. మన దేశంలోనూ 2005లో అలాగే నియమాలు చేశారు. ఉచితం అనగానే ఏమవుతుంది, అందరూ అక్కడికే చేరతారు. ఇంటర్నెట్ పెట్టె వైఫై అక్కడే. కంప్యూటరు వైరు లేని మౌస్ చాలావరకు అక్కడే. చెవుల్లో పెట్టుకునే ఇయర్‌ఫోన్లు, కొత్తరకం స్పీకర్లు అక్కడే. మన మైక్రోవేవ్ ఓవెన్ కూడా దాదాపు అక్కడే, 2.45 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది.

ఓవెన్ శక్తి ఏడెనిమిది వందల వాట్లుంటుంది. బ్లూటూత్ పరికరం మాట్లాడేది వాటులో వెయ్యో వంతులు, అవీ ఒకటో రెండో మూడో. ఓవెన్ తలుపు ఎంత బిగుతుగా ఉన్నా పిసరంత బయటికొస్తుంది. అది మన ఒంటికి హాని చేసేంత కాదు, అందుకు హద్దులు పెట్టే తయారుచేస్తారు. తలుపు వంగిపోయిన ఓవెన్ మాత్రం వాడకండి, అది వేరే మాట. కాని ఆ పిసరే పాపం కంట్రోలర్ గుసగుసలకి ఎక్కువ. కల్యాణమండపంలో బాజాలు మోగుతుంటే వియ్యపురాలి చెవిలో మాట చెప్పడం లాంటిది. మన చిన్నప్పుడు మిక్సీ వేస్తే రేడియో గరగరలాడేది గుర్తుందా? అదే జాతి గొడవ.

అలాగని బ్లూటూత్ తెలివితక్కువదేం కాదు. ఆ పట్టీని 79 గదులుగా చేసుకుని, సెకనుకి 1600 సార్లు ఒక గదిలోంచి ఇంకో గదిలోకి గెంతుతూ మాట్లాడుతుంది. ఒక గదిలో గోలగా ఉంటే దాన్ని వదిలేసి మిగతావాటిలో తిరుగుతుంది. వైఫై ఒక్కటే అయితే ఓ ఇరవై గదులు ఆక్రమిస్తుంది, మిగిలినవి చాలు దీనికి. కాని పక్కనే వైఫై, అవతల ఓవెన్, వీటికి తోడు అసలు మాటే సన్నగా చేరుతుంటే అదేం చేస్తుంది?

మాట సన్నగా ఎందుకు చేరుతుందంటే, అడ్డాలు. టీవీ లోపల లోహపు రేకులుంటాయి. లోహం ఈ తరంగాలని వెనక్కి కొడుతుంది. స్టీలు గిన్నె ఓవెన్‌లో పెట్టొద్దనడానికి అదొక కారణం. నీళ్లు పీల్చేసుకుంటాయి. అందుకే కదా ఓవెన్‌లో పప్పు పొగలు కక్కినా ఉత్త గాజు గిన్నె అంతగా కాలదు. చేపల తొట్టి అంటే ఓ పెద్ద నీళ్ల గోడ. మనిషి ఒంట్లోనూ సగం పైన నీళ్లే. మా అత్తగారు రోజూ సాయంత్రం మల్లెపూలు కట్టుకుంటూ కూర్చునే కుర్చీ సోఫాకీ టీవీకీ సరిగ్గా మధ్యలో ఉంటుంది. మధ్యమధ్యలో తెగిన ఆ ఒకటీ అరా ఎక్కడివో నాకప్పుడు బోధపడింది. ఈ ముక్క ఆవిడకి ఇంతవరకూ చెప్పలేదు. మీలోనూ ఉంచుకోండి.

సరే, తమ్ముడు చెప్పినట్టు పరీక్ష మొదలెట్టాం. ముందు కంట్రోలర్‌కి వైరు తగిలించి, ఆట సెట్టింగుల్లో వైరు ద్వారానే నడిచేలా మార్చి ఆడమన్నాడు. ఓవెన్‌లో గ్లాసుడు నీళ్లు పెట్టి తిప్పాను. (ఖాళీ ఓవెన్ ఎప్పుడూ తిప్పకండి, పాడవుతుంది.) ఆట ఒక్కసారీ ఆగలేదు. అంటే బటన్లు, లోపలి భాగాలు అన్నీ బాగానే ఉన్నాయి. కిందపడి విరిగింది ఏదీ లేదు. ఉన్న తేడా గాలిలోనే. తర్వాత వైరు తీసేసి పెట్టెని షోకేసులోనే ఉంచి, మళ్లీ నీళ్లు పెట్టి ఓవెన్ తిప్పాం. అర నిమిషంలో కారు గోడకి గుద్దుకుంది. ఓవెన్ టింగుమని ఆగింది, కారు కదిలింది. ఆఖరికి పెట్టెని తెచ్చి మళ్లీ టీపాయ్ మీద పెట్టి ఓవెన్ తిప్పాం. నీళ్లు మరిగాయి, కారు మాత్రం ఆగలేదు. రెండు కంట్రోలర్లతోనూ చూశాం.

మావారూ, అత్తగారూ అక్కడే ఉండి చూసేటట్టు చేశాను ఇదంతా. ఎవరూ ఏమీ అనలేదు. మావారు చేపల తొట్టి వంక కాసేపు చూసి, "దీన్ని బాల్కనీలో పెడదామా?" అన్నారు.

అన్ని ఇళ్లలోనూ మాలాగే చోటుదే తప్పు ఉంటుందని చెప్పను. వస్తువులోనే లోపం ఉండొచ్చు, కొత్తగా విడుదలైనవాటిలో మరీనూ. అందరికీ తెలిసిన ఉదాహరణ ఒకటుంది. 2017 మార్చి 3న జపాను కంపెనీ నింటెండో 'స్విచ్' అనే ఆట పెట్టెని విడుదల చేసింది. దాని కంట్రోలర్ రెండు ముక్కలుగా ఉంటుంది, కుడిచేతికొకటి, ఎడమచేతికొకటి. అమెరికాలో కొన్నవాళ్లు చాలామంది ఎడమచేతి ముక్క ఉండుండి తెగిపోతోందని మొత్తుకున్నారు. చేతిని అటూ ఇటూ జరిపినా, ఒళ్లో పెట్టుకున్నా బొమ్మ దానంతటది నడిచిపోయేదట. మొదట్లో కంపెనీ ఇచ్చిన సలహాల జాబితా చూస్తే మీకు నవ్వొస్తుంది. టీవీ వెనకాల పెట్టకండి, లోహపు వస్తువుల్లో గాని కింద గాని పెట్టకండి, వైర్ల గుట్టకి ఆనించకండి, వైఫై పెట్టెకి మూడు నాలుగు అడుగుల లోపల పెట్టకండి, చేపల తొట్టి దగ్గర పెట్టకండి! మా షోకేసుని చూసి రాసినట్టు లేదూ?

కాని అక్కడ కథ అంతటితో ఆగలేదు. పెట్టెని ఎక్కడ పెట్టినా కొందరికి బాగుపడలేదు. ఆ నెలలోనే కంపెనీ ఒప్పుకుంది, కొద్ది సంఖ్యలో ఎడమచేతి ముక్కలకి తయారీలో వచ్చిన తేడా వల్ల అలా జరుగుతోందని. మరమ్మతు చేసి పంపినదాన్ని ఓ పత్రికాయన విప్పి చూస్తే లోపల కొత్తగా కనిపించింది ఒక చిన్న నురుగు ముక్క. విద్యుత్తు ప్రసరించే రకం స్పాంజి. వేలి గోరంత కూడా లేదు. అదే మందు. అన్ని వేల రూపాయల వస్తువు ఆ ముక్కతో దారికొచ్చింది.

కాబట్టి మీ ఇంట్లో ఇలాంటిది వస్తే ముందు చోటు మార్చి చూడండి. టీవీ ముందు, కంట్రోలర్ పట్టుకున్నవాళ్లకి కంటికి కనబడేటట్టు పెట్టండి. గుడ్డ కప్పకండి, దుమ్ము సంగతి నేను ఒప్పుకుంటాను గాని అది వేడెక్కే వస్తువు. ఇంటర్నెట్ పెట్టెని నాలుగడుగులు దూరం జరపండి. మీ ఇంటర్నెట్ పెట్టెలో 5 గిగాహెర్ట్జ్ అనేది కూడా ఉంటే, ఫోన్లూ కంప్యూటరూ అందులోకి మార్చమని పిల్లల్ని అడగండి, కింది పట్టీలో రద్దీ తగ్గుతుంది. సినిమాలు దాచుకునే హార్డ్ డిస్కు ఆట పెట్టెకి తగిలించి ఉంటే తీసి చూడండి. వేగంగా పనిచేసే కొత్తరకం యూఎస్‌బీ తీగల దగ్గర ఇదే 2.4 పట్టీలో గోల పుడుతుందని ఇంటెల్ కంపెనీవాళ్లే 2012లో రాశారు.

ఇంకొకటి చాలామందిని ముప్పుతిప్పలు పెడుతుంది. కంట్రోలర్ ఒకసారి వేరే ఫోన్‌తో గాని కంప్యూటరుతో గాని జతకడితే, తర్వాత దానికోసమే వెతుక్కుంటుంది, మన పెట్టెని పలకరించదు. పిల్లలు స్నేహితుల ఫోన్లతో కలిపి ఆడి, ఇంటికొచ్చి ఏమీ ఎరగనట్టు కూర్చుంటారు. అప్పుడు వైరుతో పెట్టెకి కలిపి మధ్య బటన్ నొక్కితే మళ్లీ జత కుదురుతుంది. కుదరకపోతే కొన్నిటికి వెనకాల గుండుసూది దూరేంత రంధ్రం ఉంటుంది, పెట్టె ఆపేసి దాంట్లో సూదితో అయిదు సెకన్లు నొక్కి పట్టుకుని, ఆ తర్వాత వైరు కలపాలి. వైరు కూడా పెట్టెతో వచ్చినదే వాడండి. బజారులో చవగ్గా దొరికే కొన్ని తీగలు చార్జింగు మాత్రమే చేస్తాయి, లోపల మాట మోసే తీగలే ఉండవు. దాంతో ఎంత కలిపినా జత కుదరదు, మనం మాత్రం కంట్రోలరే పాడైందనుకుంటాం.

ఇవన్నీ చేశాకా తెగుతోందంటే, అప్పుడు బిల్లు తీసుకుని సర్వీసు సెంటరుకి వెళ్లండి. వారంటీలో ఉండగానే వెళ్లండి. రెండో కంట్రోలర్ ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చి చూస్తే ఇంకా మంచిది. ఒకటే తెగుతుంటే ఆ ఒకటి పాడైంది, రెండూ తెగుతుంటే మీ హాలుని అనుమానించండి. మనుషుల సంగతి ఆ తర్వాత.

మర్నాడు పొద్దున పోపుల డబ్బాలోంచి ఆ అయిదొందలు తీసి, అందరి ముందూ ఆవిడ చేతిలో పెట్టాను. కాగితానికి ఇంగువ వాసన పట్టింది. "మీ పాప ఏమీ చెయ్యలేదు. పెట్టె చోటు మారడం వల్ల వచ్చిన తంటా" అని జరిగిందంతా చెప్పాను. ఆవిడ అంతా విని, "రాత్రి అది ఎంత చెప్పినా నేను వినలేదండీ" అని ఊరుకుంది. మావారు ఏదో అనబోయి, "పాపని ఆదివారం తీసుకురామ్మా" అన్నారు. అత్తగారు పూజగదిలోంచి రాలేదు. ఆ మధ్యాహ్నం మాత్రం ఆవిడే డబ్బాలో అరిసెలు సర్ది "వాళ్ల పిల్లకివ్వు" అని నా చేతికిచ్చారు. పొరపాటైందన్న మాట అత్తగారి నోట రావడం నేను పెళ్లయిన ఇన్నేళ్లలో వినలేదు. అరిసెలు ఆవిడ భాష.

అరిసెలు తీసుకుంది గాని, పిల్లని తీసుకురాలేదు. రెండు వారాల తర్వాత సెలవు రోజున తీసుకొచ్చింది, అదీ మెట్ల దగ్గర కూర్చోబెట్టి. లోపలికి రమ్మని నేను పిలిచాను, మావాడు పిలిచాడు. తల అడ్డంగా ఊపింది. అంత మాటకారి పిల్ల ఒక్క మాటా మాట్లాడలేదు. నేను ఎక్కువ బలవంతపెట్టలేదు. అన్నది మనం, రానిది వాళ్లు. రమ్మనగానే రావాలని రూలేముంది?

మావాడు కాసేపు చూసి, వీధితలుపు బార్లా తెరిచాడు. టీవీని కొద్దిగా తలుపు వైపు తిప్పాడు. టీపాయ్ ముందుకి జరిపాడు. రెండో కంట్రోలర్ తీసుకెళ్లి గడప అవతల ఆ పిల్ల చేతిలో పెట్టి, వచ్చి సోఫాలో కూర్చున్నాడు. గడప నుంచి టీపాయ్‌కి పద్దెనిమిది అడుగులు, తర్వాత నేను కొలిచాను. అందుతుందా అని నాకు అనుమానం. మధ్యలో ఏ అడ్డూ లేకపోతే ముప్పై అడుగుల దాకా ఢోకా లేదని తమ్ముడు చెప్పిన మాట మావాడికి గుర్తుంది.

నేను ఓవెన్ జోలికి వెళ్లలేదు. పాలు పొయ్యి మీదే కాచాను. అత్తగారు పూలు కట్టుకోవడానికి వచ్చి, వాళ్లని చూసి, కుర్చీని ఆవిడంతట ఆవిడే గోడవారగా జరుపుకుని కూర్చున్నారు.

ఆ పిల్ల మూడు పందాలు ఆడింది. ఒకటి గెలిచింది. వాళ్లమ్మ పిలిచేసరికి కంట్రోలర్‌ని రెండు చేతులతో పట్టుకుని మెల్లిగా గడప మీద పెట్టి, మెట్లు దిగి వెళ్లిపోయింది.